నాన్నకి ఇన్సులిన్ తప్పదంటున్నారు, డైట్‌తో లాగించొచ్చా?

శీను_కొరిటెపాడు (గుంటూరు)

అందరికీ నమస్కారం. నాన్నకి 61 ఏళ్ళు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు దాటింది. మిర్చి యార్డులో గుమస్తాగా చేసి ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు. ఇన్నాళ్ళూ మాత్రలతోనే నడిచింది. మొన్న మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్ చేయిస్తే హెచ్‌బీఏ1సీ 10.8 వచ్చింది. ఫాస్టింగ్ 230 పైన, తిన్నాక 340. అరికాళ్ళ మంటలు, రాత్రిళ్ళు ఒకటే బాత్‌రూమ్‌కి లేవడం. తిండి బాగానే తింటున్నారు కానీ మనిషి బాగా చిక్కిపోయారు. కొత్తపేటలో చూపిస్తే డాక్టరు గారు ఇక ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందే అన్నారు.

నాన్న ససేమిరా అంటున్నారు. "సూది ఎక్కిందంటే ఇక దిగదురా" అని ఒకటే మాట. మా పెదనాన్నకి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్నాళ్ళకే డయాలసిస్ వచ్చింది. అది ఈయన మనసులో నాటుకుపోయింది. ఈలోపు బెజవాడ నుంచి మా మేనమామ దిగాడు. అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులతో నడిచే డైట్ పట్టమంటున్నాడు. ఆయనకి మాత్రలు మొత్తం పోయాయట. సోమవారం నుంచి మొదలుపెట్టేద్దామని నాన్న నిమ్మకాయలు కూడా తెప్పించేశారు.

చేసినవాళ్ళు, చూసినవాళ్ళు చెప్పండి. ఇన్సులినా, డైటా? ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌తో చచ్చిపోతున్నాను.

అన్నం_మానేశా (భవానీపురం, విజయవాడ)

తమ్ముడూ, మీ మామ చెప్పేది గాలి మాట కాదు. నేను చేసి చూసినవాణ్ణి. నలభై ఒకటో ఏట షుగర్ బయటపడింది, అప్పుడు నా బరువు 102 కిలోలు. హెచ్‌బీఏ1సీ 9.1. అన్నం, ఇడ్లీ, దోశ, చక్కెర అన్నీ బంద్ పెట్టాను. ఇప్పుడు 84 కిలోలున్నాను, 5.8 దగ్గర నిలబడింది, మాత్ర లేదు. పొద్దున్నే బ్యారేజీ దాకా నడిచొస్తాను, ఆయాసం లేదు.

షుగర్ అనేది తిండితో వచ్చిన జబ్బు. తిండితోనే పోవాలి. పిండిపదార్థం తింటూ దానికి విరుగుడుగా సూది పొడుచుకోవడం, అది చాలక యూనిట్లు పెంచుకుంటూ పోవడం, ఒళ్ళు పెరగడం, మళ్ళీ యూనిట్లు పెంచడం. ఈ చక్రంలో పడ్డవాళ్ళని మా వీధిలోనే చూస్తున్నాను. ఒక్క మూడు నెలలు నాన్నగారికి అవకాశం ఇచ్చి చూడండి.

చిన్నూ_అమ్మ (సత్యనారాయణపురం)

శీను గారూ, దయచేసి ఆగండి. మా బాబుకి ఆరేళ్ళప్పుడు టైప్ 1 అన్నారు. పిల్లాడికి రోజుకి నాలుగు సూదులు వేస్తుంటే తల్లి ప్రాణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు ఎవరో ఒక డైట్ క్యాంపు గురించి చెప్పారు. అక్కడ "ఇన్సులిన్ ఆపేయండి, ఈ డైట్‌లో అసలు అవసరమే పడదు" అన్నారు. ఆపిన మూడోరోజుకి వాంతులు, కడుపునొప్పి. ఊపిరి ఎగబీలుస్తున్నాడు. నోట్లోంచి మగ్గిన పండు వాసన. ఐసీయూలో పెట్టారు. కీటోఅసిడోసిస్ అన్నారు, అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం. ఇంకొక పూట ఆలస్యమైతే పిల్లాడు దక్కేవాడు కాదట.

తిండితోనే వచ్చింది, తిండితోనే పోతుంది అని రాసిన అన్నయ్య గారికి ఒక్కటే చెప్తాను. మావాడికి అది తిండితో రాలేదు. ఒంట్లో ఇన్సులిన్ తయారు చేసే కణాలనే ఒళ్ళు చంపేసుకుంది. వాడు గాలి తిని బతికినా ఇన్సులిన్ కావాల్సిందే. షుగర్ అనే ఒక్క మాట కింద అందర్నీ కలిపేయకండి.

అన్నం_మానేశా

అమ్మా, బాబు క్షేమంగా ఉన్నాడు కదా, సంతోషం. టైప్ 1 గురించి నేను మాట్లాడలేదు. శీను నాన్నగారిది టైప్ 2 అనే ఉద్దేశంతో రాశాను.

ఉలవచారు_ఫ్యాన్ (బ్రాడీపేట)

గుంటూరులో పుట్టి అన్నం మానేయడమా! ముద్దపప్పు, ఆవకాయ దేంతో కలుపుకోవాలి సామీ, కొబ్బరినూనెతోనా?

(శీను, జోక్ చేసినందుకు ఏమీ అనుకోకు. మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ, అందుకే చదువుతూ కూర్చున్నా.)

పటమట_మాష్టారు (విజయవాడ)

నాయనా శీనూ, నేను ఇన్సులిన్ మీద ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. ఎనభయ్యో పడిలో పడ్డాను. కళ్ళు కనపడుతున్నాయి, కాళ్ళు ఆడుతున్నాయి, కిడ్నీలు నా కంటే గట్టిగా ఉన్నాయి.

డైట్ వర్సెస్ ఇన్సులిన్ అంటున్నారు కాబట్టి సైన్సు మాష్టారిగా ఒక చరిత్ర చెప్తాను. ఇన్సులిన్ లేని రోజుల్లో లోకంలో ఉన్నది డైట్ ఒక్కటే. అమెరికాలో అలెన్ అనే వైద్యుడు షుగర్ పిల్లల్ని దాదాపు పస్తుంచి బతికించేవాడు. పిల్లలు ఎముకల గూళ్ళయ్యేవారు, అయినా కొన్ని నెలలో, ఒకటి రెండేళ్ళో అదనంగా బతికేవారు. అప్పటికి అదే గొప్ప వైద్యం. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ని వేరు చేశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటి సూది వేశారు. ఆ మందు శుద్ధిగా లేక సరిగ్గా పనిచేయలేదు. మళ్ళీ శుద్ధి చేసి అదే నెలలో వేస్తే షుగర్ దిగింది. వాడు ఇంకో పదమూడేళ్ళు బతికాడు. 1923లోనే ఆ పనికి నోబెల్ ఇచ్చారు.

డైట్ ఒక్కదాన్నే నమ్ముకున్న కాలం ఎలా ఉండేదో లోకం చూసేసింది, అది చెప్పడానికే ఇదంతా. అలాగని డైట్ పనికిరాదనను. నేను రాత్రిపూట అన్నం ముట్టి ఎన్నేళ్ళయిందో.

వార్డు_నుంచి (గుంటూరు)

నేను జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ వైద్యం రాయను, యూనిట్లు అస్సలు చెప్పను. శీను గారూ, ముందు ఈ నాలుగు చెప్పండి.

నాన్నగారు ఇప్పుడు వాడుతున్న మాత్రలేంటి, పేర్లతో సహా. బరువు ఎంత తగ్గారు, కావాలని తగ్గారా, దానంతటదే తగ్గిందా. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ చేయించారా. సి-పెప్టైడ్ అనే టెస్ట్ ఎవరైనా రాశారా.

ప్రకృతి_వైద్యం_99

[ఈ సందేశం తొలగించబడింది]

నిర్వాహకుడు

నేరేడు గింజల పొడి, ఫోన్ నంబరు, "పది రోజుల్లో గ్యారంటీ". ఇలాంటివి ఇక్కడ కుదరవు. ఇంకోసారి పెడితే ఖాతా మూసేస్తాం. చర్చ కొనసాగించండి.

శీను_కొరిటెపాడు

డాక్టర్ గారూ, చీటీ చూసి రాస్తున్నాను. మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా. గ్లిమిపిరైడ్ 2 రెండు పూటలా. డాపాగ్లిఫ్లోజిన్ 10 పొద్దున ఒకటి, ఇది నిరుడు కలిపారు. బరువు 71 ఉండేవారు, ఇప్పుడు 63. కావాలని తగ్గలేదు, తిండి ఎప్పటిలాగే తింటున్నారు. "చూశావా, సన్నబడ్డాను, మంచిదే కదా" అని ఆయనే అంటున్నారు. క్రియాటినిన్ 1.2. సి-పెప్టైడ్ ఎవరూ రాయలేదు.

వార్డు_నుంచి

శీను గారూ, సోమవారం ఆ డైట్ మొదలుపెట్టనివ్వకండి. కారణం చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

డాపాగ్లిఫ్లోజిన్ షుగర్‌ని మూత్రంలోకి వదిలేస్తుంది. మంచి మందు, గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తుంది. కానీ అది వేసుకుంటూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే ఒళ్ళు కొవ్వుని కరిగించి కీటోన్లు అనే ఆమ్లాలు తయారు చేస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ ఇప్పటికే తక్కువగా ఉన్నవాళ్ళలో అవి అదుపు తప్పుతాయి. చిన్నూ అమ్మ గారు చెప్పిన కీటోఅసిడోసిస్ అదే. ఇక్కడ ఇంకా మోసం ఏంటంటే మీటర్ మీద షుగర్ 170, 180 చూపిస్తుంటుంది. "డైట్ భలే పనిచేస్తోంది" అని ఇంట్లోవాళ్ళు సంబరపడుతుంటారు, మనిషేమో వాంతులతో సొమ్మసిల్లుతుంటాడు. ఇలా మా వార్డుకి వచ్చినవాళ్ళని నేను చూశాను.

రెండోది గ్లిమిపిరైడ్. అది ప్యాంక్రియాస్ అనే గ్రంథిని పిండి ఇన్సులిన్ రాబడుతుంది. అన్నం మానేసి అది మాత్రం వేసుకుంటే లో-షుగర్ అవుతుంది. వయసైనవాళ్ళకి నిద్రలో అయితే ఇంట్లో ఎవరికీ తెలియదు కూడా.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ ఎనిమిది కిలోలు. అన్నం_మానేశా గారు పద్దెనిమిది కిలోలు తగ్గారు, తిండి తగ్గించి తగ్గారు. మీ నాన్నగారు తింటూనే కరిగిపోతున్నారు. ఇన్సులిన్ చాలక తిన్నది ఒంటికి పట్టడం లేదు, కండ కరుగుతోంది. బయటికి రెండూ సన్నబడటమే. లోపల ఒకరిది లాభం, ఇంకొకరిది నష్టం. మీ డాక్టరు ఇన్సులిన్ అన్నది అంకె చూసి మాత్రమే అయ్యుండదు, మనిషిని చూసి కూడా అయ్యుంటుంది.

అన్నం_మానేశా

డాక్టర్ గారూ, నేను మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాణ్ణి, మీరు చెప్పిన ఆ రెండు మాత్రలూ నాకు రాయలేదు. కాబట్టి మీరు చెప్పిన ప్రమాదం నా అనుభవంలో లేదు. శీను, మాత్రల సంగతి తేల్చుకోకుండా మొదలుపెట్టొద్దు, అది ఒప్పుకుంటాను.

కానీ ఒకటి అడుగుతాను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం జరిగింది, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రోజుకి సుమారు 850 క్యాలరీల తిండితో బరువు తగ్గిస్తే ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ జబ్బు స్థాయి కంటే కిందికి దిగింది. పదిహేను కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్ళలో 86 శాతం మందికి. ఇది వాట్సాప్ కబురు కాదు కదా? మరి షుగర్ బయటపడ్డ మొదటి రోజే ఏ డాక్టరూ ఈ మాట రోగితో ఎందుకు అనడు? నాకు చీటీ రాసి పంపించారు, అంతే. నేను యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవాల్సి వచ్చింది. జనం క్యాంపుల చుట్టూ తిరుగుతున్నారంటే అందులో మీవాళ్ళ పాలు లేదా?

వార్డు_నుంచి

ఉంది. ఓపీలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ మూడు నిమిషాల్లో తిండి గురించి "అన్నం తగ్గించండి, స్వీట్లు మానండి" అనే రెండు ముక్కలే వస్తాయి. అది సలహా అనిపించుకోదు.

డైరెక్ట్ అధ్యయనం నిజమే. దాన్ని పూర్తిగా చదవండి. అందులో చేర్చుకున్నది షుగర్ వచ్చి ఆరేళ్ళ లోపు అయినవాళ్ళని, బరువు ఎక్కువున్నవాళ్ళని. ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళని తీసుకోలేదు. మొదలుపెట్టిన రోజే షుగర్ మాత్రలు ఆపించి, నర్సులో డైటీషియన్లో వెంట ఉండి చూసుకున్నారు. రెండేళ్ళకి ఆ 46 శాతం 36కి దిగింది. మీరు అచ్చంగా ఆ కోవలోకి వస్తారు, కొత్త జబ్బు, లావు ఒళ్ళు. కాలేయంలో, ప్యాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ తయారు చేసే కణాలు, అణగారినవి, మళ్ళీ లేచాయి. పద్నాలుగేళ్ళు గడిచి, సన్నగా ఉన్న మనిషిలో లేవడానికి ఎన్ని మిగిలాయో తెలియదు. సి-పెప్టైడ్ అడిగింది అందుకే. ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో అది చెప్తుంది.

బ్రిటన్‌లోనే యూకేపీడీఎస్ అని పాత పెద్ద అధ్యయనం ఉంది, ఫలితాలు 1998లో వచ్చాయి. షుగర్ బయటపడేనాటికే ఇన్సులిన్ తయారీ సగానికి పడిపోయి ఉంటుందని, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుందని అందులో తేలింది. షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్ళలో కళ్ళు, కిడ్నీల వంటి చిన్న రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి.

శీను_కొరిటెపాడు

మరి పెదనాన్న సంగతి? నాన్న ప్రతిసారీ అక్కడికే వస్తున్నారు. "సూది మొదలయ్యాకే కదరా కిడ్నీలు పోయాయి" అని.

వార్డు_నుంచి

ఆయన రిపోర్టులు చూడకుండా ఆయన గురించి చెప్పను. మామూలుగా జరిగేది చెప్తాను. పదిహేనేళ్ళు షుగర్ 250, 300 మీద నడుస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు. ఆ ఏళ్ళలోనే కిడ్నీ దెబ్బతింటుంది. కాళ్ళు వాచాక ఆసుపత్రికి వస్తారు. కిడ్నీ ఆ స్థితిలో ఉంటే మెట్‌ఫార్మిన్‌తో సహా చాలా మాత్రలు వాడకూడదు, మిగిలేది ఇన్సులిన్. ఆరు నెలలకో ఏడాదికో డయాలసిస్. చూసేవాళ్ళకి సూది ముందు, కిడ్నీ తర్వాత. లోపల కిడ్నీయే ముందు. ఇన్సులిన్‌కి చెడ్డపేరు రావడానికి సగం కారణం అది ఆలస్యంగా రావడమే.

ఇన్సులిన్‌తో ఇబ్బందుల్లేవనడం లేదు. లో-షుగర్ ఉంటుంది, కొంత ఒళ్ళు వస్తుంది. కిడ్నీని మాత్రం అది తినదు. ఎక్కితే దిగదన్నదీ అందరి విషయంలో నిజం కాదు. షుగర్ మరీ పెరిగి ఉన్నప్పుడు కొన్ని వారాలు ఇన్సులిన్ ఇచ్చి, కాస్త దిగాక మళ్ళీ మాత్రలకి మార్చడం ఉంది. ఆపరేషన్లప్పుడు, ఇన్‌ఫెక్షన్లప్పుడు వేసి ఆపడం మామూలే. మీ నాన్నగారికి ఏది వర్తిస్తుందో మీ డాక్టరు చెప్పాలి.

డైటీషియన్_సుధ (లబ్బీపేట)

ఇక్కడ అందరూ డైట్ అంటే అన్నం పూర్తిగా మానేయడం, లేకపోతే ఏమీ చేయకపోవడం అన్నట్టు మాట్లాడుతున్నారు. రెండింటికీ నడుమ బోలెడు చోటుంది.

మన పక్క భోజనం ఎలా సాగుతుందో ఒకసారి గమనించండి. పప్పుతో ఒక వాయి. కూరతో ఇంకొకటి. చారు పోసుకోవడానికి మళ్ళీ అన్నం. చివర్లో పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. నాలుగు వాయిలకీ నాలుగుసార్లు అన్నం పడుతుంది. "నేను పెద్దగా తినను మేడమ్" అనే పెద్దాయన కంచంలో అన్నాన్ని ఒకరోజు తూచి చూపించాను, నాలుగు వందల గ్రాములు పైనే తేలింది. నూరు గ్రాముల వండిన అన్నంలో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఆయన ఒక్క పూటలో నూటపది గ్రాములు దాటిపోయారు.

నేను చేయించేది ఇదీ. అన్నం ఒక్కసారే వడ్డించాలి, నూటయాభై గ్రాముల లోపు. పప్పూ కూరా దాంతోనే. కూర మాత్రం అన్నానికి రెండింతలు, బీరకాయో దొండకాయో గోంగూరో. చారు గ్లాసులో పోసుకుని తాగాలి. పెరుగు గిన్నెలో వేసుకుని చెంచాతో తినాలి. ముందు కూరా పప్పూ సగం తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగర్ అంతగా ఎగబాకదు. తిన్నాక పది పదిహేను నిమిషాలు వరండాలో తిరిగినా చాలు. గుడ్డు, చేప, పెసరట్టు పెంచుకోవచ్చు. పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది.

బియ్యం గురించి కూడా అడుగుతుంటారు. మనం తినే బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన బాపట్లలో పుట్టిన వంగడమే, 1986లో విడుదలైంది. దాన్ని మెరుగుపరిచి తెగులు తట్టుకునేలా తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరికి గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్‌ని ఎంత జోరుగా ఎక్కిస్తుందో చెప్పే అంకె, 51 దగ్గర ఉంది, మామూలు తెల్లబియ్యం కంటే తక్కువ. దొరికితే వాడండి. అలాగని "షుగర్ లేని బియ్యం" అనుకుని నాలుగు వాయిలూ లాగించేస్తే చేసేదేమీ లేదు. కొర్రలూ అంతే. పీచు ఎక్కువ, మంచిదే. కానీ వండకముందు తూస్తే వాటిలోనూ నూటికి 60 గ్రాముల పైన పిండిపదార్థమే. మెత్తగా పట్టించిన రాగిపిండి జావ అయితే షుగర్‌ని జోరుగా ఎక్కిస్తుంది, ఆరోగ్యమని చెంబుడు తాగేస్తుంటారు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి ఈ తిండి ఇంకా ముఖ్యం. రోజూ ఒకే కొలత తింటే యూనిట్లు ఒక చోట నిలబడతాయి. ఒకపూట పులిహోర, ఇంకొకపూట పస్తు అంటే ఏ డాక్టరూ డోసు కుదర్చలేరు.

ఉలవచారు_ఫ్యాన్

మేడమ్, చారు గ్లాసులో తాగమనడం వరకు సరే. పెరుగన్నం తీసేశారు చూడండి, అది మాత్రం కోర్టుకి వెళ్ళాల్సిన విషయం.

పాతగుంటూరు_ఖాజా

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అమ్మ ఇన్సులిన్ మీద ఉంది, రంజాన్‌లో ఉపవాసాలు మానదు. ఎలా?

వార్డు_నుంచి

ఖాజా భాయ్, నెల ముందే డాక్టరుని కలవండి, వేళలూ డోసులూ మార్చి రాస్తారు. ఉపవాసంలోనూ మీటర్‌తో చూసుకోవాలి. 70 కంటే కిందికి దిగినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలి. కార్తీక సోమవారాలు, దసరా ఉపవాసాలు ఉండేవాళ్ళకీ ఇదే మాట. తిండికి నాగా పెట్టి డోసు మాత్రం మామూలుగా వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

పాతగుంటూరు_ఖాజా

రక్తం చుక్క తీసి చూసుకుంటే ఉపవాసం పోదని మా ఇమామ్ సాబ్ కూడా చెప్పారు. అమ్మకి చెప్తాను. షుక్రియా.

మందుల_కొట్టు_రవి (గవర్నర్‌పేట)

ఇరవై ఏళ్ళుగా కౌంటర్లో కూర్చుని చూస్తున్నవి చెప్తాను, పనికొస్తాయి.

ఇన్సులిన్ సీసాల మీద 40 అని గానీ 100 అని గానీ ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరులో అన్ని యూనిట్లు. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 సీసాకి నారింజ మూత సిరంజి. 100 మందుని ఎర్ర మూత సిరంజితో లాగితే ఒంట్లోకి రెండున్నర రెట్లు పోతుంది. చీటీ తేకుండా "ఇన్సులిన్ సిరంజి ఒకటివ్వు" అని అడిగేవాళ్ళని నేను వెనక్కి పంపేస్తాను, తిట్టుకున్నా సరే. పెన్ను అయితే ఈ గొడవ లేదు.

తెల్లగా మసకగా ఉండే 30/70 మిశ్రమం రకాన్ని వేసుకునేముందు రెండు అరచేతుల మధ్య పదిసార్లు మెల్లగా దొర్లించాలి, గిలకొట్టకూడదు. రోజంతా పనిచేసే గ్లార్జిన్ లాంటి ఇన్సులిన్ నీళ్ళలా తేటగా ఉంటుంది, మసకబారితే పారేయాలి. పొట్ట మీద బొడ్డుకి రెండు అంగుళాల దూరంలో వేయాలి, రోజూ ఒకేచోట వద్దు. ఒకేచోట పొడిచి పొడిచి గడ్డ కట్టి, ఆ గడ్డలోనే మళ్ళీ వేసుకుని "మందు పనిచేయట్లేదు" అనేవాళ్ళు వారానికి ఒకరైనా వస్తారు.

ఇంకోటి, మామిడిపళ్ళ కాలంలో. రసాలు జుర్రుకుని ఆ వేలి మీదే పరీక్ష చేసుకుంటే మీటర్ 400 చూపిస్తుంది. అది పండు షుగర్, మనది కాదు. చేయి సబ్బుతో కడిగి తుడుచుకుని చూసుకోండి.

సింగ్‌నగర్_లక్ష్మి (విజయవాడ)

రవి గారు నిల్వ గురించి చెప్పలేదు, నేను చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు మేము మొదటి అంతస్తులో చిక్కుకుపోయాం. కింద మెడ లోతు నీళ్ళు. కరెంటు లేదు. ఫ్రిజ్ ఉంది కానీ ఉత్త బీరువా కింద లెక్క. నేను రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాను. మా అత్తగారు పల్లెటూరి మనిషి. పూలకుండీలో ఇసుక పోసి తడిపి, మధ్యలో పచ్చడి జాడీ దించి, అందులో సీసాని కవర్లో చుట్టి పెట్టింది. మీద తడిగుడ్డ. ఇసుక ఆరకుండా నీళ్ళు చల్లుతూ కూర్చుంది. మందు చెడలేదు.

ఇంకా పెద్ద సమస్య తిండి. ఒకపూట పడవలో పులిహోర పొట్లం వచ్చేది, ఇంకొకపూట ఏమీ వచ్చేది కాదు. నాది భోజనానికి ముందు వేసుకునే రకం. పొట్లం చేతికి వచ్చాకే సూది తీసేదాన్ని. ఒకసారి పొట్లం వస్తోందని కింద అరుస్తుంటే నమ్మి ముందే వేసేసుకున్నాను, ఆ పడవ అటునుంచి అటే వెళ్ళిపోయింది. చెమటలు, వణుకు, మాట తడబడటం. మీటర్ 52. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూసి, బిస్కెట్లు తిన్నాక నిలబడ్డాను. కాబట్టి ఇన్సులిన్ ఇంట్లోకి వస్తోందంటే చక్కెర డబ్బా అందేచోట ఉంచండి. అలాంటప్పుడు లడ్డూలూ చాక్లెట్లూ పెట్టకండి, వాటిలోని కొవ్వు వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది.

మందుల_కొట్టు_రవి

లక్ష్మి గారు చెప్పింది బాగుంది. మామూలు రోజుల్లో తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజర్‌కి దూరంగా. గడ్డకడితే ఇక పనికిరాదు. వాడుతున్నది 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఉంటుంది. మన మే నెలలో ఇంట్లో 30 ఎక్కడుంది, అదీ ఫ్రిజ్‌లోనే పెట్టుకుని వేసుకునే ముందు కాసేపు బయట ఉంచండి. స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టొద్దు.

పటమట_మాష్టారు

శీనూ, నీకు ప్రైవేటు మెసేజ్ పెట్టాను. ఈ ఆదివారం గుంటూరు వస్తున్నాను. మీ నాన్నగారికి ఉపన్యాసం ఇవ్వను. ఆయన ముందు కూర్చుని నా సూది నేను వేసుకుంటాను, ఆయన చూస్తే చాలు.

శీను_కొరిటెపాడు

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

మాష్టారు గారు వచ్చారు. కాఫీ తాగుతూ, మాట్లాడుతూనే చొక్కా పైకెత్తి పెన్నుతో వేసేసుకున్నారు. నాన్న ఇంకా సూది ఎప్పుడు తీస్తారా అని చూస్తున్నారు! "అయిపోయిందా?" అన్నారు. నాలుగు మిల్లీమీటర్ల సూదట, చూపిస్తే అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. చిన్నప్పుడు ఆసుపత్రిలో గాజు సిరంజి మరిగించి పొడిచే సూది ఆయన బుర్రలో ఉంది మరి.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డైట్ ఆలోచన, నిమ్మకాయల సంగతి అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు, చెప్పినందుకు మంచిదైంది అన్నారు. సి-పెప్టైడ్ చేయిస్తే బాగా తక్కువ వచ్చింది. డాపా ఆపేశారు. మెట్‌ఫార్మిన్ ఉంచి, గ్లిమిపిరైడ్ తగ్గించి, రాత్రిపూట గ్లార్జిన్ 10 యూనిట్లతో మొదలుపెట్టారు. ఫాస్టింగ్ చూసుకుంటూ ఆయన చెప్పినప్పుడల్లా రెండు యూనిట్లు పెంచుతున్నాం. ఇప్పుడు ఫాస్టింగ్ 140 దగ్గర ఉంది. రాత్రి లేవడం తగ్గింది. అరికాళ్ళ మంటలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి టైమ్ పడుతుందన్నారు.

సుధ మేడమ్, అమ్మ అన్నాన్ని తూచడం మొదలుపెట్టింది. చారు గ్లాసులో పోస్తే నాన్న మొదటిరోజు కంచం తోసేశారు. ఇప్పుడు రెండో గ్లాసు అడుగుతున్నారు. మామయ్య మాత్రం ఇంకా అలకమీదే ఉన్నాడు. ఆయన డైట్‌ని అవమానించామట.

అన్నం_మానేశా

మామయ్యకి నా తరఫున చెప్పు తమ్ముడూ, నేనూ ఆయన జట్టే, నా అన్నం నేను మళ్ళీ మొదలుపెట్టను. మీ నాన్నగారికి సి-పెప్టైడ్ తక్కువ వచ్చిందంటే అది వేరే లెక్క, ఇక దాని మీద నేను వాదించను. కానీ కొత్తగా షుగర్ వచ్చి, పొట్ట వేసుకుని తిరిగేవాళ్ళు ఇది చదివి "డైట్‌తో ఏమీ కాదట" అనుకుంటే మాత్రం నేను ఊరుకోను. వాళ్ళు మొదటి ఏడాదే గట్టిగా పట్టుకోవాలి. మాత్రల చీటీ డాక్టరుకి చూపించుకుని మరీ పట్టుకోవాలి.

వార్డు_నుంచి

దీనికి నేను సంతకం పెడతాను.

చిన్నూ_అమ్మ

శీను గారూ, మనసు కుదుటపడింది. మొదటి నెల మీటర్ స్ట్రిప్పుల ఖర్చు చూసి భయపడి పరీక్షలు తగ్గించకండి. రాత్రి డోసు పెంచిన రోజుల్లో తెల్లవారుజామున ఒకసారి చూడాలా అని మీ డాక్టరుని అడగండి. మావాడికిప్పుడు పదకొండు, వాడి సూది వాడే వేసుకుని క్రికెట్‌కి పోతున్నాడు.

శీను_కొరిటెపాడు

తప్పకుండా అక్కా. ఇంకో చిన్న డౌటు. వాడేసిన సూదులు ఏం చేయాలి? అమ్మ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తోంది. చెత్త తీసుకెళ్ళే ఆవిడ చేతికి గుచ్చుకుంటుందేమో అని భయంగా ఉంది.

మందుల_కొట్టు_రవి

కాగితంలో వద్దు. గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకో, ఫినాయిల్ డబ్బా లాంటిది. సూది అందులో పడేసి మూత బిగించు. ముప్పావు నిండాక టేపు చుట్టి, పైన "సూదులు" అని పెద్ద అక్షరాలతో రాసి, మీరు చూపించుకునే ఆసుపత్రిలో ఇవ్వు. అక్కడ సూదుల చెత్త విడిగా తీసుకెళ్తారు. వాళ్ళు తీసుకోము అంటే ఇంట్లో తడి చెత్తలో, పొడి చెత్తలో కలపకుండా ప్రమాదకర చెత్త అని విడిగా చెప్పి ఇవ్వు. పెన్ను సూది ప్రతిసారీ కొత్తది వాడటం మర్చిపోకు.